ముద్రారాక్షసమును కాన్రాడు గూఢచారికథయు

బాంబు ప్రేలినవెంటనే కఠినశాసనము పుట్టుట నూఱేండ్లకుఁ బైఁబడి ప్రజాప్రభుత్వములకు వాడుకయైనది. 1893వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీని పారిసు నగరమున వైలాంటు అను నరాజకవాది ప్రతినిధిసభలో బాంబు విసరెను. కొలఁదిదినములలోనే పత్రికలకును సంఘములకును సంకెలలు తగిలించు చట్టములను ఆ సభయే యంగీకరించెను. అమెరికాలో 2001 సెప్టెంబరు 11వ తేదీని ఘోరము జరుగఁగా, 45 దినములకు, అనఁగా అక్టోబరు 26వ తేదీని, పేట్రియట్ చట్టముపై అధ్యక్షుఁడు సంతకము చేసెను. మనదేశమున 2001 డిసెంబరు 13వ తేదీని పార్లమెంటు భవనముపై దాడి జరిగెను. 2002 మార్చిలో నుభయసభలు కూడి పోటా చట్టము నంగీకరించెను. అది 2004లో రద్దయినది. ఈ చట్టముల మంచిచెడ్డలను న్యాయవేత్తలు తేల్పవలయును. కాని ప్రేలుడునకును శాసనమునకును నడుమ మనుష్యుల మనస్సులలో జరుగు వ్యాపారమేమి యనునది కావ్యవిమర్శకునకును విచారణీయమే. ఆ నడిమిచీఁకటిలోనికి దీపము చూపిన గ్రంథములను రెండింటి నిందుఁ బోల్చి చూచెదను. ఒకటి విశాఖదత్తుని ముద్రారాక్షసము. రెండవది జోసెఫ్ కాన్రాడు 1907లో నాంగ్లమునఁ బ్రకటించిన ‘ది సీక్రెట్ ఏజెంట్’ అను నవల.

కాన్రాడు ఆంగ్లేయుఁడు కాఁడు. 1857లోఁ బోలిష్ కుటుంబమునఁ బుట్టినవాఁడు. రష్యాప్రభుత్వమునకు విరోధముగాఁ గుట్ర సలిపినందుకు 1862లో నతని తండ్రికిఁ బ్రవాసశిక్ష విధింపఁబడఁగా, తల్లిదండ్రులతోడ నా శిశువును ఉత్తరదేశపుఁ జలికిఁ బోవలసివచ్చెను. కుట్రదారుల యిల్లెట్లుండునో, పోలీసువారి చేయి యెంతదూరము సాఁగునో యతనికిఁ బుస్తకములు చదివి తెలియవలసిన పనిలేదు. నవలకు మూలమైన సంగతి 1894 ఫిబ్రవరి 15వ తేదీని జరిగినది. లండనుదాపున గ్రీనిచ్ వేధశాల సమీపమున, ఉద్యానములో, మార్షియల్ బోర్డిను అను ఫ్రెంచివాఁడు తన చేతి బాంబు ప్రేలి మరణించెను. వేధశాలగోడకైన గీఁత పడలేదు. ఇంత నిష్ఫలమైన క్రౌర్యము నెవఁడేల తలపెట్టెనని కాన్రాడు తన్నుఁ దానే ప్రశ్నించుకొని, కథను ప్రత్యుత్తరముగా నల్లినాఁడు.

కథ క్లుప్తముగా నిది. వర్లాకు అనువాఁడు లండనులోఁ జీఁకటిసందున నొక చిల్లరయంగడి పెట్టుకొని, అరాజకవాదులలో నొకఁడుగా నటించుచు, ఒక పరరాజ్యపు రాయబారి కచేరీవలన జీతము గొనుచుండును. ఆ కచేరీలో నుద్యోగియైన వ్లాడిమిరు వానినిఁ బిలిపించి, వేధశాలను బాంబుతో ధ్వంసము చేయుమని యాజ్ఞాపించును. ఆంగ్లదేశము కుట్రదారులకెల్ల నాశ్రయ మిచ్చుచున్నది. అచ్చటి ప్రజలు భయపడినఁగాని కఠినశాసనములకు సమ్మతింపరు. కావున వారిని భయపెట్టవలయునని వాని యాలోచన. అనఁగా బాంబునకు గుఱి వేధశాల కాదు, శాసనగ్రంథము. వర్లాకు తన భార్య విన్నీకిఁ దమ్ముఁడును, మందబుద్ధియు, మిగుల దయాళువునైన స్టీవీచేత నా బాంబును మోయించును. స్టీవీ చెట్టువేరు తట్టుకొని పడి తునాతునక లగును. సంగతి యెఱిఁగిన విన్నీ భర్తను గత్తితోఁ బొడిచి చంపి, నమ్మినవాఁడు సొమ్ము గాజేసి విడిచిపోఁగా, తుదకు సముద్రమున మునిఁగి ప్రాణము విడుచును.

ఇందు మఱియొక పాత్ర కలదు. ‘ప్రొఫెసరు’ అని పిలువఁబడు నీతఁడు బాంబులు చేయువాఁడు. ఎల్లప్పుడును ప్రేలుడుమందు నొంటఁ గట్టుకొని తిరుగును. పోలీసువారు పట్టపగలు మనుష్యులను గాల్చివేయ, ప్రజలు మెచ్చుకొనుదినము వచ్చినచోఁ దన పని సగము తీఱినట్లేయని వాని తలంపు. వ్లాడిమిరు నిరంకుశప్రభుత్వమునకు భృత్యుఁడు. ప్రొఫెసరు ప్రభుత్వము లన్నిటికిని శత్రువు. ఇరువురకోరికయు నొక్కటియే: స్వతంత్రప్రజలు భయముచేఁ దమ స్వాతంత్ర్యమును దామే విడువవలయును. గ్రంథహృదయ మిదియేయని నా యభిప్రాయము.

రక్షణాధికారులనైనఁ గాన్రాడు విడువలేదు. ఇనస్పెక్టరు హీటు నిజము వెదకుటకంటె ననుకూలుఁడైన నేరస్థుని వెదకుట సులభమని తలఁచి, నిరపరాధియైన మైకేలిసుపై నేరము మోపఁజూచును. పై యధికారి దాని నడ్డుకొనును. అదియుఁ గేవలము న్యాయబుద్ధిచేఁ గాదు, మైకేలిసు నాదరించు గొప్పయింటి దొరసాని తన భార్యకు స్నేహితురా లగుటచేత. మంత్రియో, వివరములు తనకు వినిపింపవలదని ముందే చెప్పును. రాజ్యక్షేమము పేర జరుగు పనులలో నింటి పనులెంత గలిసియుండునో యిచ్చట స్పష్టమగుచున్నది.

ఇఁక ముద్రారాక్షసము. రాక్షసమంత్రి చంద్రగుప్తునిపైఁ బ్రయోగించిన విషకన్యను జాణక్యుఁడు పర్వతకునిమీఁదికి మరలించి, యా హత్యను రాక్షసునిపైననే మోపును. తన చారుఁడైన జీవసిద్ధిని రాక్షసుని మిత్రునిగా నిలిపి, దోషిగాఁ బ్రకటించి, పురమునుండి వెడలఁగొట్టించును. వ్లాడిమిరు నేర్చిన విద్య యంతయు నిందుఁ గలదు. నేర్పులోఁ జాణక్యుఁడు వానికి గురుతుల్యుఁడు.

రెండు కృతులందును కథ నొక చిన్నగుఱుతు తిప్పును. చందనదాసునింట దాఁగియున్న రాక్షసుని భార్య, వాకిటికిఁ బరుగెత్తిన పసిబిడ్డను లోనికి లాగుకొనఁబోవఁగా, వ్రేలినుండి యుంగరము జాఱి చాణక్యునిచారునికి దొరకును. ఆ ముద్రతోఁ జాణక్యుఁడు కూటలేఖను సృష్టించి రాక్షసుని జయించును. కాన్రాడుకథలో, దారి తప్పు తమ్మునికొఱకు విన్నీ వాని చొక్కాపట్టెలోఁ దమ యింటి చిరునామాగల గుడ్డతునకను గుట్టియుంచును. బాంబునకు నశింపక మిగిలిన యా తునకయే పోలీసువారి చేతఁబడును. రెండుచోట్లను స్త్రీహృదయమునందలి వాత్సల్యమే రాజ్యముచేతికి సాధనమైనది.

సామ్య మింతటితో ముగియును. విశాఖదత్తుఁడు వాత్సల్యమును దాఁటి నీతిని జూచును. పర్వతకుని చావు నాటకారంభమునకు ముందే జరిగిపోవుటచే వానికై ప్రేక్షకుఁడు కన్నీరు కార్చఁడు. వధ్యస్థానమునకుఁ గొనిపోఁబడిన చందనదాసుఁడు రక్షింపఁబడును. రాక్షసుఁడు చంద్రగుప్తునికి మంత్రి యగును. నీతివృక్షము ఫలించును. కాన్రాడు కథలో నేనీతియు ఫలింపదు. వేధశాల నిలిచియేయున్నది, శాసనము పుట్టలేదు. పోయినది స్టీవీ యొక్కఁడు. విశాఖదత్తుఁడు తెరవెనుక నుంచిన శవమును గాన్రాడు మనముందు విప్పి చూపినాఁడు. అందువలన నాటకమున నంగియైన రసము వీరము. నవలయందు బీభత్సము పైకిఁ గనఁబడుచు, లోనఁ గరుణము ప్రవహించుచుండును.

ఈ భేదమునకుఁ గారణము కవులశక్తి కాదు, రాజ్యస్వరూపము. చాణక్యుని పాపము చాణక్యునిదే. అతఁడు నెఱిఁగియే దాని మోయును. ప్రజలే ప్రభువులైన చోట గూఢచారుని జీతము మన పన్నులలోనిది, వాని పని మన పేర జరుగునది. వివరములు వినఁగోరని మంత్రిని జూచి నవ్విన చదువరి, తానును వివరములు వినఁగోరనివాఁడే కదా యని యొకక్షణము తలయొగ్గవలసివచ్చును.

నవలలో దోషము లేకపోలేదు. అరాజకవాదులలోఁ బలువురు సోమరులుగను, పరాన్నభుక్కులుగను జిత్రింపఁబడినారు. వారి ద్వేషమునకు మూలమైన లోకదుఃఖ మెట్టిదో వారినోట మనకు వినఁబడదు. ప్రతిపక్షమున కింత బలహీనత కల్పించుట యౌచిత్యము కాదు. విశాఖదత్తుఁడు రాక్షసునియందుఁ జూపిన గౌరవముతోఁ బోల్చినచో నీ లోపము మఱింత స్ఫుటమగును. ప్రతినాయకుని యోగ్యత తగ్గినకొలఁది విజయమును జిన్నదగును. కాన్రాడే దీని నెఱిఁగెనేమో, 1911లోఁ బ్రకటించిన ‘అండర్ వెస్టర్న్ ఐస్’ అను నవలలో హాల్డిను అను విప్లవకారునకుఁ గొంత గాంభీర్య మొసఁగినాఁడు. ఐనను మొదటినవలలో నా లోకదుఃఖ మొకచోట నిలిచియున్నది. బండివాఁడు బక్కగుఱ్ఱమును గొట్టుట చూచి స్టీవీ తల్లడిల్లును. గుఱ్ఱమునకై యేడ్చి, గుఱ్ఱమును గొట్టు పేదవానికై యంతకంటె నెక్కుడుగా నేడ్చును. పోలీసువా రేలయున్నారని యడిగిన వానికి, లేనివారు కలవారి సొమ్ము ముట్టకుండుట కని యక్క చెప్పును. లోకదుఃఖమును నిజముగాఁ దెలిసికొన్నవాఁ డా పుస్తకమున వాఁడొక్కఁడే. బాంబు మోసినవాఁడును వాఁడే.

కావున నీ రెండుకృతులను గలిపి చదువుట యావశ్యకము. ముద్రారాక్షసము రాజ్యరక్షణ మెంత సూక్ష్మబుద్ధితో జరుగునో తెలుపును. కాన్రాడు దాని వెల నెవరు చెల్లింతురో తెలుపును. ఇఁకమీఁద నెచ్చట బాంబు ప్రేలినను, ఎచ్చట శాసనము పుట్టినను, మొదటిగ్రంథము చదివినవారు దానివలన లాభ మెవరికని యడుగుదురుగాక. రెండవదానిని జదివినవారు చొక్కాపట్టెలోని గుడ్డతునక యెవరిదని యడుగుదురుగాక.