ముగ్గురే ఉన్న చోట పేరులేని ఫారం

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల. మా శేరిలింగంపల్లి వైపు ఐటీ కంపెనీల మధ్యే పెద్ద పెద్ద ఆస్పత్రులూ వెలిశాయి. కంపెనీల్లో ఉద్యోగుల సంతృప్తి సర్వేలు మామూలే. టీము మరీ చిన్నదైతే, ఎవరేం రాశారో తెలిసిపోతుందని చాలాచోట్ల ఆ ఫలితాలను మేనేజరుకు విడిగా చూపించరు. స్పెషాలిటీ ట్రైనింగ్‌లో ఉన్న పీజీ డాక్టర్లకు ఈ రక్షణ అరుదు. ఫారంలో పేరు అడగరు, నిజమే. కానీ డిపార్ట్‌మెంట్‌లో ఉండేదే ముగ్గురైనప్పుడు, 'ఏ సంవత్సరం' అన్న గడి నింపితే పేరు రాసినట్టే.

పీజీలకు పాఠాలు చెబుతూ, వాళ్ల అభిప్రాయాలు అడిగి తెలుసుకునే పనిలో ఉన్న నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే: అడిగేది ఎవరు? హెచ్‌ఓడీయే ఫారం ఇస్తారు. లీవు ఇచ్చేదీ, థీసిస్ ముందుకు పంపేదీ ఆయనే. ఇక ఏ పీజీ అయినా ఏం రాస్తాడు? 'ఎక్సలెంట్ సార్' అనే రాస్తాడు. బ్రిటన్‌లో ట్రైనీలను ఏటా అడిగేది ఆస్పత్రి కాదు, డాక్టర్ల నియంత్రణ సంస్థ అయిన జనరల్ మెడికల్ కౌన్సిల్.

ప్రశ్నలకైతే కరువు లేదు. స్కాట్లండ్‌లోని డండీ నిపుణులు 2005లో ప్రకటించిన 'ఫీమ్' ప్రశ్నావళిలో 40 అంశాలున్నాయి. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు, మొత్తం 160. సొంతంగా పనిచేసే వీలు, బోధన, తోడ్పాటు అని మూడు భాగాలు. అలా విడదీయడం నాకు నచ్చింది, ఎందుకంటే మొత్తం సంతృప్తి అనే ఒక్క అంకె మోసం చేస్తుంది. డ్యూటీలు తేలిగ్గా ఉన్నచోట పీజీ హాయిగా ఉండి, మూడేళ్ల తర్వాత ఒంటరిగా కేసు చేయాల్సి వస్తే వణకవచ్చు. నిద్ర లేక కళ్లు ఎర్రబడిన సర్జరీ పీజీ, సార్ పక్కన నిలబడి తన చేత్తో అపెండిక్స్ చేయించారని పొంగిపోవచ్చు. ఇద్దరూ నూటికి ఎనభై వేస్తే మనకు తెలిసిందేమిటి?

అందుకే ముందు జరిగినవి అడగాలంటాను. ఈ ఆరు నెలల్లో మీ చేత్తో చేసిన ఆపరేషన్లెన్ని, రిట్రాక్టర్ పట్టుకుని నిలబడినవెన్ని? నైట్ డ్యూటీ తర్వాత ఇంటికి ఎన్నింటికి వెళ్లారు? సీటు ఎంచుకునే పిల్లలు సీనియర్లకు ఫోన్ చేసి అడిగేవీ ఇవే కదా: "అన్నా, అక్కడ కటింగ్ ఇస్తారా? పోస్ట్ డ్యూటీ ఆఫ్ ఉంటుందా?"

బయటివాళ్లు అడిగితే జవాబు వస్తుంది. నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024లో ఇచ్చిన నివేదిక కోసం 5,337 మంది పీజీలు నోరు విప్పారు. 45 శాతం మంది వారానికి 60 గంటలు దాటి పనిచేస్తున్నామన్నారు. 56 శాతం మందికి వారానికో సెలవు సరిగా దొరకడం లేదు. ఆ సెలవు ఇవ్వాలని 2023 నిబంధనల్లోనే ఉంది. అదే 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు స్టైపెండ్ సమయానికి ఇమ్మని సమ్మెకు దిగారు. అంతదాకా రాకముందే వినే దారి ఉండాలి.

ఆ దారి కష్టమైనదేమీ కాదు. ఎండీ, ఎంఎస్ వాళ్లను వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, డీఎన్‌బీ వాళ్లను ఢిల్లీలోని నేషనల్ బోర్డు నేరుగా అడగాలి. ఫైనల్ రిజల్టు చేతికొచ్చాక అడగాలి. చిన్న డిపార్ట్‌మెంట్లయితే మూడు బ్యాచ్‌ల జవాబులు కలిపాకే బయటపెట్టాలి. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజున, సీట్ల జాబితా పక్కనే ఆ అంకెలూ కనిపించాలి.