నాలుగో కెనాల్

“ఒక్క పన్నుకి ఇంతసేపా డాక్టరుగారూ!” రూట్ కెనాల్ చేయించుకుని కుర్చీలోంచి లేస్తూ చాలామంది అనే మాట ఇది. పీకేస్తే పావుగంటలో తేలిపోయేది కదా అన్నది పైకి అనని మాట. ఆ గంటా గంటన్నరా నోటిలో ఏం జరుగుతుందో ఈ వారం చెప్తాను.

పైదవడలో మొదటి పెద్ద దవడ పన్నునే తీసుకోండి. ఆరేళ్ల వయసులో వస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండా వెనకాల మొలుస్తుంది కాబట్టి అదీ పాలపన్నే అనుకుని పెద్దవాళ్లు పట్టించుకోరు. ఈలోగా పుచ్చిపోతుంది. దానికి మూడు వేర్లుంటాయి. అలాగని వాటిలో నరం ఉండే సన్నటి గొట్టాలు, అంటే కెనాల్స్ కూడా మూడే అనుకోకూడదు. బుగ్గవైపు ముందున్న వేరులో చాలామందికి రెండోది దాక్కుని ఉంటుంది. మేం ఎంబీ2 అంటాం. దాని నోటిని పన్ను లోపలి గట్టి పొర, డెంటిన్, కప్పేస్తుంది, మామూలు ఎక్స్‌రేలో పక్క కెనాల్ నీడలో కలిసిపోతుంది. అది దొరక్కపోతే కుళ్లిన నరం, దాంతోపాటు సూక్ష్మజీవులు లోపలే ఉండిపోతాయి. కొన్ని నెలలో, ఏళ్లో హాయిగా గడిచాక ఒకరోజు అన్నం నములుతుంటే కలుక్కుమంటుంది.

అలాంటి పన్నుతోనే ఒక రిటైర్డ్ టీచరుగారు వచ్చారు. వేరొకచోట రూట్ కెనాల్ అయి, క్యాప్ కూడా పడిన పన్ను. పైన చిగురు మీద చిన్న చీముపొక్కు. “తీసెయ్యండి బాబూ, పీడా విరగడైపోతుంది” అన్నారు. “ఒక్కసారి లోపల చూడనివ్వండమ్మా, అప్పటికీ లాభం లేదంటే తీసేద్దాం” అన్నాను.

క్యాప్ తీసి, పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పల్చటి తెర బిగించి, కెనాల్స్‌లో నింపిన పాత గట్టాపర్చా తోడేశాను. మైక్రోస్కోప్ కింద పన్ను గోడలు లేత పసుపుగా, అడుగు బూడిదరంగులో కనిపిస్తాయి. ఆ అడుగున మొదటి కెనాల్ నుంచి అంగిలివైపు సన్నటి తెల్లగీత ఒకటి పోతోంది. అల్ట్రాసోనిక్ మొనతో ఆ గీతను కొంచెం కొంచెంగా గీకుతూ, కడిగే మందు సోడియం హైపోక్లోరైట్ చుక్క వేశాను. గీత మీద ఒక్కచోట మాత్రం గోలీసోడాలోలా బుడగలు లేచాయి. కింద కుళ్లిన నరం ఇంకా ఉందన్నమాట. కెనాల్‌లోకి దింపే సన్నటి పనిముట్టు ఫైలు; పదో నంబరుదాని మొన 0.1 మిల్లీమీటరు. దాని కొస కొద్దిగా వంచి, వేళ్లతో పావుతిప్పు తిప్పుతూ దింపితే, పట్టుకుంది. ఆ పట్టు వేలికి తెలిసే క్షణం కోసమే నేను ఈ పని ఎంచుకున్నాననిపిస్తుంది.

కెనాల్ దొరికాక దాన్ని కడగడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఎందుకంత కడగాలో 1965లో అమెరికాలో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జ్‌జెరాల్డ్ అనే ముగ్గురు ఎలుకల మీద చూపించారు. పళ్లకు రంధ్రం చేసి నరాన్ని బయటపెట్టారు. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో, తిండి అందులోకి దిగినా, నరం బతికి పైన కొత్త డెంటిన్ కట్టింది. మామూలు ఎలుకల్లో కుళ్లిపోయింది. అందుకే రబ్బరు డ్యామ్ లేకుండా చేసే రూట్ కెనాల్‌ని నేను ఒప్పుకోను. అది 1864 నుంచీ ఉన్న వస్తువు. ఉమ్మిని పన్నులోకి రానివ్వదు, మందునీ ఫైలునీ గొంతులోకి పోనివ్వదు. మీ నోటికి వేయమని మీరే అడగండి.

అన్ని పళ్లకూ స్పెషలిస్టు అక్కర్లేదు. ముందుపళ్లలో సాధారణంగా ఒకటే కెనాల్, అదీ తిన్నగా ఉంటుంది. మీ ఊరి డెంటిస్టు చక్కగా చేస్తారు. వంకరపోయిన వేర్లు, మూసుకుపోయిన కెనాల్స్, లోపల విరిగిన ఫైలు, ఒకసారి చేశాక మళ్లీ చీముపట్టిన పళ్లు మాత్రం బీడీఎస్ తర్వాత మరో మూడేళ్లు ఇదే పనిమీద ఎండీఎస్ చేసినవాళ్ల చేతికి రావాలి.

టీచరుగారి చీముపొక్కు మానిపోయింది. ఆరు నెలల తర్వాతి ఎక్స్‌రేలో వేరు కొస చుట్టూ ఉన్న నల్లటి నీడ సగానికి తగ్గింది. ఎముక మెల్లగా పూడుతుంది, ఏడాది దాటినా పట్టొచ్చు.

నాకు దిగులంతా నొప్పి పోగానే మాయమయ్యేవాళ్ల గురించే. “క్యాప్ వచ్చేనెల చూద్దాంలెండి” అని వెళ్తారు. పుచ్చు తీసేశాక దవడ పన్నుకి చుట్టూ పల్చటి గోడలే మిగులుతాయి. క్యాప్ లేకుండా దాంతో జంతికలు కొరికితే ఏదో ఒకరోజు పగులుతుంది. పగులు పైనే ఆగితే మళ్లీ నిలబెట్టగలను. వేరులోకి నిలువునా దిగితే మాత్రం, నాలుగు కెనాల్సూ ఎంత శుభ్రంగా ఉన్నా సరే, ఆ పగులును తెరమీద చూపించి పన్ను తీయించుకోమని నేనే చెప్పాల్సి వస్తుంది.