మూడు బాకాలు

వీరులపాడులో పెళ్ళిపందిరి మీది మైకు బాకాకు ఎదురుగా నిల్చినవారికి పాట కీచుగా వినబడుతుంది. పక్కకు జరిగితే మొద్దుబారుతుంది. బాకా తారధ్వనులను సన్నని పుంజంగా పంపడమే ఇందుకు కారణం. స్టూడియోల పెద్ద స్పీకర్లకూ ఇదే చిక్కు. అక్కడ ఇంజనీరు చెవి మోసపోతే ఆ తప్పు రికార్డులోకే ఎక్కుతుంది.

ఆల్టెక్ 604లో బాకాను చిన్న బాకాల గుత్తిగా చీల్చి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క దిక్కుకు త్రిప్పారు. ఉపాయం మంచిదే గాని వాటి నడుమ హెచ్చుతగ్గులు మిగిలాయి. 1947 నాటి టానాయ్‌లో కాగితపు శంకువే బాకాకు కొనసాగింపు. పొదుపే! అయితే మంద్రధ్వనికి శంకువు కదిలితే బాకా గోడ కదిలినట్లే. 1981 నాటి జె.బి.ఎల్. 4430 బాకా అడ్డంగానూ నిలువుగానూ సుమారు 100 డిగ్రీల మేర తారధ్వనిని పంచుతుంది. పంచినందువల్ల ఎదుట అది పలచబడుతుంది. ఆ లోటును విద్యుద్వలయంతో పూడ్చవలె. ఐనా కుర్చీ జరిపినా మారని ధ్వని కావలసినవారు ఈ మూడవదానికే మొగ్గవలె.