ఆన్ సెక్స్‌టన్ టేపులు - విన్నదెవరు?

అమెరికన్ కవయిత్రి ఆన్ సెక్స్‌టన్‌కు డాక్టర్ మార్టిన్ ఓర్న్ 1956 నుంచి 1964 దాకా చేసిన చికిత్సను, ఒక డాక్టరు ఒక కవయిత్రిని తయారుచేసిన కథగా చెప్పడం అలవాటైపోయింది. రెండో కాన్పు తర్వాత డిప్రెషన్‌లో కూరుకుపోయిన గృహిణి ఆమె. అతను ఆమెకంటే ఏడాదే పెద్ద. రాయమని అతను ప్రోత్సహించిన మాట నిజమే. అలాంటి ప్రోత్సాహం దొరికిన వాళ్లంతా సెక్స్‌టన్‌లు కాలేదు కదా!

నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది టేపుల సంగతి. సెషన్‌లో ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తర్వాత గుర్తుండేది కాదు. అందుకని 1961 నుంచి ఓర్న్ ఆ సంభాషణల్ని రికార్డు చేశాడు. ఆమె వాటిని మళ్లీ విని నోట్సు రాసుకునేది. జ్ఞాపకశక్తికి ఊతంగా మొదలైన ఈ ఏర్పాటు వాళ్లిద్దరి స్థానాలనే కదిపింది. ఫ్రాయిడ్ 1905లో ప్రచురించిన ‘డోరా’ కేసు గుర్తు చేసుకోండి. పదకొండు వారాలకే చికిత్స మానేసి వెళ్లిపోయిన ఆ అమ్మాయి ఏమన్నదో మనకు ఫ్రాయిడ్ చెబితేనే తెలుస్తుంది. సెక్స్‌టన్ అలా కాదు, తన కేసు తనే విన్నది. తన గొంతుతో పాటు డాక్టరు గొంతునూ దూరంగా నిలబడి వినగలిగింది. అసలు 1960లో వచ్చిన తన మొదటి సంపుటిని అతన్ని ఉద్దేశించిన కవితతోనే మొదలుపెట్టింది. అప్పటికే డాక్టరు ఆమెకు కవితా వస్తువు!

1964లో ఓర్న్ ఫిలడెల్ఫియా వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన థెరపిస్టు ఆమెతో లైంగిక సంబంధం పెట్టుకున్నాడు. 1974లో ఆమె తన ప్రాణం తానే తీసుకుంది.

1991లో డయాన్ మిడిల్‌బ్రూక్ రాసిన జీవితచరిత్ర వచ్చినప్పుడు పెద్ద దుమారం రేగింది. ఓర్న్ మూడువందలకు పైగా టేపుల్ని రచయిత్రికి ఇచ్చేశాడు. సాహిత్య వారసురాలైన కూతురు అందుకు ఒప్పుకుంది. ఇతరులకు ఉపయోగపడితే వాడమని ఆన్ తనతో అన్నదని ఓర్న్ వివరణ. ఆ ‘ఇతరులు’ తనలాంటి రోగులా, జీవితచరిత్ర కొనుక్కునే పాఠకులా? ఈ ప్రశ్న అడగడానికి ఆమె లేదు. కూతురి సమ్మతి ఆమె సమ్మతి అయిపోదు. అయినా ఆ గొడవలో నాకు కొరుకుడు పడని విషయం ఇంకొకటుంది. రోగి నమ్మకాన్ని అందరికన్నా ఘోరంగా వమ్ము చేసినవాడు ఆ రెండో థెరపిస్టు. పుస్తకంలో అతనికి మాత్రం మారుపేరు దక్కింది.

2012లో డాన్ స్కోర్చెవ్‌స్కీ ఆ టేపుల మీదే ఒక పుస్తకం రాసింది. ఓర్న్‌తో చికిత్స సాగిన చివరి నెలలే దానికి ఆధారం. సెక్స్‌టన్ మాటల్నే కాదు, వాటికి డాక్టరు ఇచ్చిన జవాబుల్నీ అక్కడ వినవచ్చు.