శాపపుటడవిలో మందిరము

దానియేలును బబులోనునకు చెరగా తీసికొనిపోయినప్పుడు అతనికి కల్దీయుల విద్య నేర్పిరి. బెల్తెషాజరని పేరు మార్చిరి. పరరాజు ఒక జనమును గెలిచిన తరువాత వారి నాలుకను, పేరును కూడ అడుగును. ఈ సంగతిని లోతుగా చూపిన యొక నవలను గూర్చి చదువరులకు కొన్ని మాటలు చెప్పగోరుచున్నాను.

నైజీరియా దేశస్థుడైన చినువా అచేబే (1930–2013) 1958లో ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ అను నవలను ఇంగ్లీషులో ప్రకటించెను. కట్టుబాటు చెదరిపోవుట అని ఆ పేరునకు భావము. ఆయన తండ్రి చర్చి మిషనెరీ సొసైటీలో ఉపదేశి. 1841లో మచిలీపట్నమునకు మిషనెరీలను పంపిన సొసైటీ అదియే. కావున ఇది పరాయివారి కథ యని మనము త్రోసివేయరాదు.

ఇగ్బో జనులలో ఒకొంక్వో పేరుమోసిన వస్తాదు, కష్టించు రైతు. పొరబాటున తుపాకి పేలి ఒక బాలుడు చనిపోగా, ఏడేండ్లు తల్లి పుట్టిన ఊరికి పోవలసివచ్చెను. అక్కడికి క్రైస్తవ బోధకులు వచ్చి స్థలమడిగిరి. పెద్దలు నవ్వుకొని, చెడు రోగములతో చచ్చినవారిని పారవేయు శాపపుటడవిని ఇచ్చిరి. నాలుగు దినములలో వీరందరు చత్తురని ఎదురుచూచిరి. ఎవరును చావలేదు. మన పల్లెలలోను ఊరివారికి అక్కరలేని చోట లేచిన మందిరములెన్ని లేవు!

ఆ మందిరమునకు మొదట వచ్చినవారెవరు? కవలలను కనుట దోషమని ఆ జనులు ఆ శిశువులను అడవిలో పారవేయుచుండిరి. నాలుగు కాన్పులలోను అట్లు బిడ్డలను పోగొట్టుకొని, మరల గర్భవతియైన న్నెకా అను స్త్రీ వచ్చినది. ఒకొంక్వో కుమారుడు న్వోయే వచ్చినాడు. తరువాత ‘ఒసు’ అను వెలివారు వచ్చిరి. వీరిని చేర్చుకొనరాదని విశ్వాసులే అడ్డుపడిరి. అప్పుడు గట్టిగా నిలిచినవాడు తెల్లదొర కాడు. కియాగా అను నల్లజాతి ఉపదేశి. దేవుని యెదుట దాసుడని స్వతంత్రుడని భేదము లేదని చెప్పి, వెలికి గురుతైన వారి జడలను తీసివేయుమనెను. వారు భయపడుచునే క్షౌరము చేయించుకొనిరి; బ్రదికిరి.

అయితే మందిరము వెంబడి కోర్టు కూడ వచ్చినది. ఒక విశ్వాసి దుందుడుకుతనము వలన తగవు పెరిగి గుడి కాల్చబడగా, అధికారి మాటలాడుదము రండని పెద్దలను పిలిచి బేడీలు వేయించెను. జరిమానా 200 సంచుల గవ్వలు. బంట్రోతులు తమకు కొంత కలుపుకొని ఊరివారితో 250 అనిరి. ఒకొంక్వో బంట్రోతును నరికెను. ఊరు తన వెంట లేవలేదని చూచి ఉరి వేసికొనెను. ఆ వీరుని బ్రదుకంతయు తాను వ్రాయబోవు గ్రంథములో ఒక చిన్న పేరాకు సరిపోవునని అధికారి తలంచుటతో కథ ముగియును. ఒకని కథను పరాయివాడు వ్రాయుటకంటె దాస్యమేమున్నది? ఆ కలమును అచేబే వెనుకకు తీసికొనెను. ఈ గ్రంథమే ఒక ఎదిరింపు.

రచయిత ఎవరి పక్షమును గ్రుడ్డిగా పట్టలేదు. అడిగి తెలిసికొను బ్రౌను దొరను, ఆలకింపని స్మిత్తు దొరను ఇద్దరిని చూపెను. తన జనుల క్రూరతను దాచలేదు. నాకు తోచిన కొరత యొకటి. ఒకొంక్వో కోపమును మనము లోపలినుండి చూతుము. న్నెకా సంతోషమును అట్లు చూడము. ఆమెకు ఆ దినము చెదరినదేమి, కట్టబడినదేమి? ఊరి కట్టుబాటు పాడైనదని ఏడ్చువారిని, ఆ కట్టుబాటులో నీ చోటెక్కడ అని మొదట అడుగవలెను. ఆ చోటు లేనివారి సంతతివారము మనలో అనేకులము.

అయినను గర్వపడకుందము. కోర్టు నీడలో నిలిచినందుకు ఆ సంఘము లెక్క అప్పగింపవలసినదే. మన మాటయో? 1947లో దొరతనము పోయినది. పెండ్లి మాట వచ్చినప్పుడు సంఘస్థుల యిండ్లలో మొదట అడుగునదేమి? విశ్వాసమా, కులమా? పేరు మారినను దానియేలు కిటికీ యెరూషలేము వైపే తెరచియుండెను. మన కిటికీ ఎటు తెరచియున్నది? కియాగా నేడు మన గుడి వాకిట నిలిచి పిలిచినయెడల, తీసివేయవలసిన జడలు ఎవరి తలమీదనున్నవో ఎవరికి వారే చూచుకొందురు గాక.