పక్క ఇంజనే కొలబద్ద

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న జంట ఇంజన్ల బోటులో పుల్లింగ్ తగ్గితే మొదట తేల్చాల్సింది, లోపం ఒకదానిదా రెండిటిదా అన్నది. అమెరికా సరస్సుల్లోనూ తీరాల్లోనూ తిరిగే మెర్‌క్రూజర్ వీ8 పెట్రోల్ ఇంజన్లు ఫుల్ థ్రాటిల్‌లో మోడల్‌ను బట్టి సుమారు 4400 నుంచి 5200 ఆర్పీఎం దాకా అందుకోవాలి. రెండూ ఒకేలా పడిపోతే అనుమానం ఉమ్మడి కారణాల మీదికి పోవాలి: బోటు అడుగున పట్టిన నాచు, గుల్లలు, మితిమీరిన బరువు, నీళ్లు కలిసిన పెట్రోలు. ఒక్కటే పడిపోతే తప్పు ఆ వైపుది.

చెప్పినంత సులువుగా ఇది తేలదు. ఒక ఇంజన్ నీరసిస్తే బోటు నీటిపైకి లేచి జారే వేగాన్ని అందుకోదు. భారమంతా రెండోదాని మీద పడి, ఏ లోపమూ లేని ఆ ఇంజన్ కూడా పూర్తి ఆర్పీఎంకు చేరదు. రెండు మీటర్లూ తక్కువే చూపిస్తాయి. అనుభవం లేని మెకానిక్ రెండిటినీ విప్పడం మొదలుపెట్టేది ఇక్కడే. పైగా డాష్‌బోర్డు మీటరే అబద్ధం చెబుతుండవచ్చు. దాని అంకెను ఇంజన్ కంప్యూటర్‌కు తగిలించిన స్కానర్ చూపించే ఆర్పీఎంతో పోల్చి చూడనిదే నమ్మకూడదు.

పానా పట్టకముందు రెండు పనులున్నాయి. ఇంజన్ ఆపి, లివర్‌ను చివరిదాకా తోసి, థ్రాటిల్ పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో కంటితో చూడాలి. సాగిన కేబుల్ వల్ల సగమే తెరుచుకునే పలకలు తక్కువేమీ కావు. రెండోది, కంప్యూటర్‌లో నిలిచిన ఫాల్ట్ కోడ్లు చదవడం. ఇంజన్ వేడెక్కినా, ఆయిల్ ప్రెషర్ తగ్గినా, కొన్ని సెన్సర్లు చెడినా కంప్యూటర్ తానే శక్తిని కుదిస్తుంది. మెర్‌క్రూజర్‌లో దీన్ని గార్డియన్ వ్యవస్థ అంటారు. ఈ స్థితిలో కొత్త ఇంజెక్టర్లు కొనడం డబ్బు నీళ్లలో పోయడమే.

కోడ్లు లేకపోతే వెతుకులాట ఎక్కువగా పెట్రోలు దారిలోనే సాగుతుంది. మల్టీపోర్ట్ ఇంజన్లలో రైలు మీద ప్రెషర్ సుమారు 43 పీఎస్‌ఐ, థ్రాటిల్ బాడీ రకంలో 30 దగ్గర ఉండాలి. ఒడ్డున ఐడిల్‌లో గేజీ సరైన అంకె చూపించినంత మాత్రాన నమ్మడానికి లేదు. ఐడిల్‌లో ఇంజన్ తాగేది కొద్దిపాటి పెట్రోలే. గేజీని బిగించి ఉంచి, నీటి మీద పూర్తి భారంతో నడిపినప్పుడు ప్రెషర్ నిలుస్తోందా, జారుతోందా అన్నదే చూడాలి.

జారితే ట్యాంకు నుంచి పంపు దాకా ఒక్కో మజిలీ పరీక్షించాలి. ఫిల్లర్ మూత వదులు చేయగానే శక్తి తిరిగొస్తే ట్యాంకుకు గాలి అందించే వెంట్ మూసుకుపోయినట్టే. నీళ్లను వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్‌ను మార్చి, పాతదాన్ని గాజు సీసాలోకి వంచితే నీళ్లు అడుగున పేరుకుని కనిపిస్తాయి. ట్యాంకు నోటి దగ్గర యాంటీ సైఫన్ వాల్వు ఉంటుంది. గొట్టం తెగితే ట్యాంకులోని పెట్రోలంతా బోటు అడుగుకు కారకుండా ఆపే చిన్న బంతి, స్ప్రింగు అది. బంతి ఇరుక్కుంటే ఇంజన్‌కు దాహం తీరదు. దీన్ని పీకిపారేసి బాగుచేశామనుకునేవాళ్లున్నారు. అది ప్రాణాల మీదికి తెచ్చే పని, వాల్వు మార్చాల్సిందే. పంపు ముందు వాక్యూమ్ గేజీ పెడితే 2 అంగుళాల పాదరసానికి మించకూడదు. మించితే అడ్డు వెనకెక్కడో ఉంది. వేరే చిన్న ట్యాంకు తగిలించి నడిపితే అనుమానం పూర్తిగా తీరుతుంది. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక బోటు అడుగునే నిలుస్తుంది. అందుకే ఇంజన్ తిప్పే ముందు ఆ ఆవిరిని బయటికి తోలే బ్లోయర్‌ను కనీసం 4 నిమిషాలు నడపాలి. నిప్పురవ్వ బయటికి రాని మెరైన్ స్టార్టరుకు, పంపుకు బదులు కారు భాగాలు వాడకూడదు.

ప్రెషర్ నిలకడగా ఉంటే ఇంజెక్టర్లు, స్పార్క్ వైపు చూడాలి. జంట ఇంజన్ల అసలు లాభం ఇప్పుడు తెలుస్తుంది. కాయిల్, రిలే, సెన్సర్‌లను ఒక వైపు నుంచి రెండో వైపుకు మార్చి చూడవచ్చు. లోపం భాగంతో పాటే వలస వెళితే దొంగ దొరికినట్టే. ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చాలి. కంప్యూటర్‌ను మాత్రం తొందరపడి మార్చకూడదు, వైరింగ్‌లో షార్ట్ ఉంటే మంచిది కూడా కాలిపోతుంది. ప్రొపెల్లర్లు సాధారణంగా ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి కాబట్టి వాటిని అటూ ఇటూ మార్చడం కుదరదు.

స్పార్క్ ప్లగ్గులు తెల్లబారితే పెట్రోలు చాలడం లేదు, నల్లమసి పడితే ఎక్కువవుతోంది. తుప్పు పడితే సిలిండర్లోకి నీళ్లు చేరుతున్నాయి. ఉప్పునీటిలో ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు, రైజర్లు లోపలి నుంచి తుప్పుపట్టి నీళ్లను లోనికి వదులుతాయి కనుక వాటిని కొన్నేళ్లకోసారి మార్చే భాగాలుగానే లెక్కించాలి. ఏ ప్లగ్గులోనూ తేడా తెలియకపోతే కంప్రెషన్ టెస్టు చేసి సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చాలి.

ఆర్పీఎం మామూలుకంటే పైకి ఎగబాకి, బోటు మాత్రం ముందుకు పోకపోతే ఇంజన్‌ను వదిలేయాలి. ప్రొపెల్లర్ లోపలి రబ్బరు హబ్ జారుతూ ఉండవచ్చు. హబ్ మీద నుంచి ప్రొపెల్లర్ మీదికి ఒకే గీత గీసి, భారంతో నడిపి వచ్చి చూస్తే, జారిన హబ్ మీద ఆ గీత రెండు ముక్కలై కనిపిస్తుంది.