‘ఉండిపో’ అన్న మాట: ఒక వలస ప్రేమకథ పరిశీలన

ఉపోద్ఘాతం

వలస సాహిత్యాన్ని గురించి ముందు భాగంలో చదివారు. ఈ భాగంలో ఒక చలనచిత్రాన్ని విమర్శదృష్టితో ఎలా చూడాలో తెలుసుకుందాం. ఇందుకు తీసుకున్న చిత్రం ఫిలిప్పీన్స్ దేశానికి చెందిన ‘హలో, లవ్, గుడ్‌బై’. దర్శకురాలు కాథీ గార్సియా-మోలినా. 2019 జులై 31న విడుదలైంది. పరాయి దేశపు చిత్రం మనకెందుకని మీకు అనిపించవచ్చు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మూడు మాటల్లో తన బతుకును చెప్పుకున్న తెలంగాణకు ఈ కథ పరాయిది కాదు.

నారాయణఖేడ్‌లో ఒక ఆదివారం కౌన్సెలింగ్ తరగతిలో ఈ కథ చెప్పాను. చివరి బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, “సార్, గామె పిల్లగాణ్ని ఇడిసిపెట్టి పోయింది గదా, మంచిదనాల్నా కాదనాల్నా?” అని అడిగింది. అప్పుడు తడుముకున్నాను. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

కథావస్తువు

జాయ్ (కాథరిన్ బెర్నార్డో) హాంకాంగ్‌లో ఇంటిపని చేస్తుంది. చాలని జీతాన్ని పూడ్చుకోవడానికి చట్టం ఒప్పుకోని చిల్లర పనులు కూడా చాటుగా చేస్తుంటుంది. కెనడా వెళ్ళి స్థిరపడాలన్నది ఆమె పట్టుదల. ఈథన్ (ఆల్డెన్ రిచర్డ్స్) అదే నగరంలో మద్యశాలలో పనిచేస్తాడు. హాంకాంగ్‌లోనే శాశ్వతంగా ఉండిపోయే హక్కు కోసం ఎదురుచూస్తుంటాడు. ఇద్దరూ ప్రేమించుకుంటారు. అంతలో ఆమె ప్రయాణం దగ్గర పడుతుంది. ఉండిపొమ్మని అతను కోరతాడు. ఆమె వెళ్ళిపోతుంది.

విశ్లేషణ: ప్రతినాయకుడు ఎవరు?

మన ప్రేమకథల్లో ప్రేమకు అడ్డు ఎవరో వెతకనక్కరలేదు. తండ్రి, కులం, ఆస్తి, ఊరు. కథ విదేశానికి వెళ్ళినా ఈ అడ్డు మారలేదు. జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన ‘పడమటి సంధ్యారాగం’ అమెరికాలో జరిగే ప్రేమకథ. అక్కడా అడ్డు నిలిచేది అమ్మాయి తండ్రే. తండ్రి మనసు కరిగితే కథ సుఖాంతం అవుతుంది. అందుకే అటువంటి కథల్లో ప్రేమికులు పెద్దల్ని ఒప్పించాలి, లేదా ఎదిరించాలి.

‘హలో, లవ్, గుడ్‌బై’లో ఆ పాత్రను ఒక కాగితం పోషిస్తుంది. ఈ సంగతి గ్రహించాలంటే హాంకాంగ్ నిబంధనలు కొన్ని తెలిసి ఉండాలి. విదేశాల నుంచి వచ్చిన ఇంటిపనివారికి 2 సంవత్సరాల ఒప్పందం ఉంటుంది. 2003 నుంచి వారు యజమాని ఇంట్లోనే నివసించాలి. వారానికి ఒక్క రోజు సెలవు, ఎక్కువమందికి అది ఆదివారం. ఒప్పందం ముగిస్తే సాధారణంగా 2 వారాల్లో దేశం విడవాలి. ఇతర ఉద్యోగాలమీద వచ్చినవారు వరుసగా 7 సంవత్సరాలు నివసిస్తే శాశ్వత నివాసానికి అర్హులు కావచ్చు. ఇంటిపనివారు ఎన్నేళ్ళున్నా ఆ లెక్కలోకి రారు. 1986 నుంచి అక్కడే పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ మహిళ దీన్ని సవాలు చేస్తే, 2013 మార్చిలో హాంకాంగ్ తుది అప్పీలు న్యాయస్థానం నిబంధననే సమర్థించింది.

ఇప్పుడు ఈథన్ అన్న ‘ఉండిపో’ అనే మాటను మళ్ళీ వినండి. అతను గడిపే ప్రతి సంవత్సరం అతన్ని ఆ నగరపు మనిషిగా మార్చే అవకాశం ఉంది. ఇంటిపనిమనిషిగా ఆమె గడిపే సంవత్సరాలు లెక్కకే రావు. అతని నోట ఆ మాటకు ఇల్లు కట్టుకుందామని అర్థం. ఆమె చెవికి అది ఇంకొకరి ఇంట్లో ఇంకో రెండేళ్ళు పనిమనిషిగా ఉండమని వినిపిస్తుంది. ప్రేమలో కపటం లేకపోయినా, ప్రేమికుల కాలం సమానంగా లేదు. ఎదిరించడానికి తండ్రి లేడు, ఒప్పించడానికి పెద్దమనిషి లేడు. ఈ చిత్రంలోని విషాదం ఇక్కడుంది. విమానాశ్రయంలో కన్నీళ్ళు దాని ఫలితం మాత్రమే.

మన నేల మీద

ఈ దృష్టితో మన చుట్టూ చూద్దాం. దసరా, దీపావళి దాటాక నారాయణఖేడ్ ప్రాంతపు తండాల నుంచి కుటుంబాలు చెరకు కోతకు బయలుదేరడం మీలో చాలామంది చూసినదే. మనకు ఆనుకుని ఉన్న మరాఠ్వాడాలో చెరకు కోసే భార్యాభర్తల జంటను ఒక ‘కొయ్తా’, అంటే ఒక కత్తిగా లెక్కిస్తారు. అడ్వాన్సు కూడా ఆ లెక్కనే ఇస్తారు. అక్కడ పనికి జంట కావాలి. హాంకాంగ్‌లో పనికి జంటలేని మనిషి కావాలి. రెండుచోట్లా ఎవరితో ఎలా బతకాలో పని నిర్ణయిస్తోంది.

గల్ఫ్ సంగతి తీసుకుంటే, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాల నుంచి వెళ్ళినవారిలో ఎక్కువమంది మగవాళ్ళు. అందుకే మన వలస పాటల్లో, కథల్లో స్త్రీ తరచుగా గడపలో నిలబడి ఎదురుచూస్తుంది. కానీ కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాది స్త్రీలు కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళారు. వారిని కేంద్రంగా పెట్టుకున్న ప్రేమకథలు మనకు అరుదు. పి. సునీల్ కుమార్ రెడ్డి దర్శకత్వంలో 2017లో వచ్చిన ‘గల్ఫ్’ వలస కష్టాలను ప్రేమకథతో కలిపి చెప్పిన కొద్ది చిత్రాల్లో ఒకటి.

మన నిబంధనలూ ప్రేమకథలోకి వస్తాయి. పదో తరగతి పాస్ కానివారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. ఆ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళడానికి అనుమతి లేదు. రక్షణ కోసం పెట్టిన నియమమే ఇది. కానీ అవసరం ఆగదు కనుక కొందరు విజిట్ వీసా మీద వెళ్ళి మరింత చీకట్లో పడతారు.

చిత్రంలోని లోపం

మెచ్చుకున్నంతనే విమర్శ పూర్తి కాదు. ఈ చిత్రానికి కెనడా ఒక వెలుగుగా కనిపిస్తుంది. ఒక దేశం తలుపు మూస్తే మరో దేశం తెరుస్తుందన్న నమ్మకం మీద కథ ముగుస్తుంది. జాయ్ ఎగిరిపోయింది, సరే. ఆమెలా వెళ్ళలేనివారు ఇంకా ఆదివారంనాడు సెంట్రల్ ప్రాంతపు కాలిబాటల మీద అట్టలు పరుచుకుని కూర్చుంటూనే ఉన్నారు. 1974 కార్మిక చట్టంతో విదేశీ ఉపాధిని ప్రభుత్వ విధానంగా చేసుకున్న ఫిలిప్పీన్స్‌ను, సొంత ఊళ్ళో పని ఎందుకు లేదని ఈ చిత్రం గట్టిగా అడగదు. దీని కొనసాగింపుగా 2024లో వచ్చిన ‘హలో, లవ్, అగైన్’ కథ కెనడాలో జరగడం గమనించండి. అంటే ఒక్క ప్రయాణంతో ఆ ప్రశ్న తీరలేదన్నమాట.

సారాంశం

ఆ విద్యార్థిని అడిగిన దానికి ఇదీ నా జవాబు. అమ్మా, ఆమె మంచిదా కాదా అని అడిగినంతసేపు మనం ఆ ఇద్దరి మనసులనే తూకం వేస్తుంటాం. ముందు ఆ ఇద్దరి కాగితాలు చూడాలి. ఒకరి సంవత్సరాలు లెక్కకు వచ్చి, ఇంకొకరివి రాని చోట వెళ్ళిపోయిన మనిషిని త్యాగం చేయలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. జాయ్ ప్రేమను వదులుకున్నదని కాక, తన కాలానికి విలువ ఉండే చోటు వెతుక్కున్నదని నేను చదువుతాను. మీరు మరోలా చదవవచ్చు. అయితే మీ కారణాలు కథలోంచి చూపించాలి.

ఆలోచించి రాయండి

1. మీకు తెలిసిన ఒక తెలుగు ప్రేమకథా చిత్రంలో ప్రేమకు అడ్డు ఎవరు, లేదా ఏమిటి? పై విశ్లేషణతో పోల్చి రాయండి.
2. మీ ఊరి నుంచి పనికోసం వెళ్ళినవారి కథను, ఇంట్లో మిగిలినవారి వైపు నుంచి కాక, వెళ్ళినవారి వైపు నుంచి ఒక పుటలో రాయండి.